లాన్‌లో ఎర్రచీమల పుట్టలకి బోరిక్ పౌడర్ – పర్లాకిమిడి నుంచి రివ్యూ

మెడికల్ షాపులో దొరికే మామూలు బోరిక్ పౌడర్ గురించి రాస్తున్నా. ఏ కంపెనీదైనా లోపల సరుకు ఒకటే, అందుకే కంపెనీ పేరు రాయట్లేదు, ప్యాకెట్ మీద బోరిక్ యాసిడ్ అని ఉందా లేదా అన్నది చూసుకుంటే చాలు. 5కి 4 స్టార్లు. ఒక స్టార్ ఎందుకు తగ్గించానో కింద రాశాను. గడ్డిలో ఎర్రచీమల పుట్టలతో విసిగిపోయిన వాళ్ళు కొంచెం ఓపిగ్గా మొత్తం చదవండి, ఎందుకంటే ఇందులో మందు కంటే కొలత ముఖ్యం, కొలత తప్పితే ఇదే పౌడర్ ఏమీ పని చెయ్యదు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, పాతపట్నం వెళ్ళే రోడ్డు వైపు ఇల్లు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను దెబ్బకి మా ఇంటి ముందు వాకిట్లో పెద్ద మామిడిచెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోయింది, అప్పుడు మా గజపతి జిల్లాలో ఎవరిల్లు చూసినా అదే పరిస్థితి. చెట్టు కోయించేశాక ఆ జాగా బోసిగా ఉంటే ఎర్రమట్టి తోలించి లాన్ వేయించాం. కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తుంది చూడండి మెక్సికన్ గ్రాస్, చదరాలు చదరాలుగా అడుగున మట్టితో సహా, అదే. ఆ మట్టితో పాటు వచ్చాయో, కింద మిగిలిపోయిన మామిడి వేళ్ళు కుళ్ళి గుల్లగా అయిన చోట చేరాయో గానీ, రెండు వానాకాలాలు తిరిగేసరికి లాన్ నిండా పుట్టలే. వాన పడిన మర్నాడు పొద్దున్న లేచి చూస్తే గడ్డి మీద జల్లెడ పట్టినట్టు మెత్తటి మట్టి కుప్పలు, దాన్ని కాలితో కదిపితే చాలు, పిక్క దాకా ఎక్కేసి అన్నీ ఒకేసారి కుడతాయి. మా చిన్నదాన్ని ఓసారి అలా కుట్టేస్తే రాత్రంతా ఏడుపు, తెల్లారేసరికి పాదం మీద చిన్న చిన్న చీముపొక్కులు. మా అత్తగారు సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చునేది అక్కడే, ఆవిడా మానేశారు.

ముందు ఏ చీమలో తెలుసుకోవాలి, ఇది చాలామంది చెయ్యరు. మా లాన్‌లో రెండు రకాలు. పెద్ద నల్ల గండుచీమలు ఒకటి, ఇవి చెట్టు మొదట్లో ఉంటాయి, మన జోలికి రావు. రెండోది ఈ కుట్టే ఎర్రవి. టార్చి పట్టుకుని పుట్ట దగ్గర గొంతుకూర్చుని చూస్తే ఎర్రవాటిలో అన్నీ ఒకే సైజులో ఉండవు, చిన్నవాటి మధ్యలో అక్కడక్కడా తలకాయ మాత్రం ఒంటికి మించి, నలుపలకలుగా ఉన్నవి కనిపిస్తాయి, నోట్లో గడ్డిగింజ పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ లాక్కెళ్తుంటాయి. అదే గుర్తు. సోలెనాప్సిస్ జెమినాటా అంటారు దీన్ని, ఫైర్ యాంట్ జాతిలో మన వైపు ఉండే రకం, గింజలు పోగు చేసుకుని ఆ పెద్ద తలవాటితో పిండి కొట్టించుకుంటుంది. వీడియోల్లో అమెరికా వాళ్ళు చూపించేది దీని చుట్టం, సోలెనాప్సిస్ ఇన్విక్టా. లక్షణాలు చాలావరకు కలుస్తాయి కాబట్టి వాళ్ళు చెప్పే సూత్రాలు మనకీ పనికొస్తాయి, మందుల పేర్లే ఇక్కడ షాపుల్లో దొరకవు.

బోరిక్ దాకా రాకముందు ఏం జరిగిందో కూడా చెప్పాలి. శ్రీకాకుళం నుంచి ఒక పెస్ట్ కంట్రోల్ సర్వీసు వాళ్ళని పిలిపించాం, పేరు రాయను. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, డ్రమ్ములో మందు కలిపి పుట్టల్లో పోసి లాన్ మొత్తం స్ప్రే కొట్టారు, ఏం మందు బాబూ అంటే "చీమల మందే మేడమ్" అంటారు తప్ప పేరు చెప్పరు, డబ్బా చూపించమని గట్టిగా అడిగితే అప్పుడు తీశారు, క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ, పసుపు గుర్తు. చెదలకి పునాదుల్లో పోసేది ఇదే. వాసన తలుపులు వేసుకున్నా వారం పాటు పోలేదు, పిల్లల్ని బయటికి వదల్లేదు. పైకి కనిపించిన చీమలు చచ్చాయి నిజమే, నెల తిరక్కుండా కాంపౌండ్ గోడ వారన కొత్త పుట్టలు లేచాయి, అంతకు ముందు లేని చోట. ఫోన్ చేస్తే ఇంకో సర్వీసు చేయించుకోండి, ఇంత అవుతుంది అన్నారు. నా బాధ డబ్బు గురించి కాదు. యూరప్ వాళ్ళు 2020లో ఆపేసిన మందు అది, పిల్లలు పొర్లే గడ్డి మీద కొడుతూ పేరైనా చెప్పకపోవడం చాలా తప్పు. మీరు ఎవరిని పిలిచినా ముందు డబ్బా అడగండి, దాని మీద డైమండ్ ఆకారంలో గుర్తు ఉంటుంది, కింద సగం ఎరుపైతే అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. చదువు రానివాళ్ళకి కూడా అర్థమయ్యేలా పెట్టిన గుర్తు అది, వాడుకోవాలి కదా.

తర్వాత మా ఆయన స్నేహితుడు ఒకాయన సంతలో కొన్న పొడి తెచ్చిచ్చారు, పాలిథిన్ కవర్‌లో మూట, లేబుల్ లేదు, "గమాక్సిన్ లాంటిది వదినా, చల్లెయ్యండి" అన్నారు. చల్లనివ్వలేదు. గమాక్సిన్ అంటే బీహెచ్‌సీ, అది మన దేశంలో 1997లోనే బ్యాన్ అయింది. పొలాల్లో చీమలకి చల్లే ఫోలిడాల్ పొడి, అంటే మిథైల్ పారాథియాన్, అదీ 2018లో బ్యాన్ లిస్టులోకి వెళ్ళింది. పెద్దవాళ్ళకి ఈ పేర్లు నోటికి అలవాటైపోయి ఇప్పటికీ షాపుకెళ్ళి అవే అడుగుతారు, అమ్మేవాళ్ళు ఏదో ఒక తెల్లపొడి కట్టిచ్చేస్తారు. పేరు లేని పొడి ఇంట్లోకి రానివ్వకండి, దయచేసి.

వేడినీళ్ళు కూడా పోశాం. ఇది మంచి పద్ధతే, విషం లేదు, కాకపోతే చెంబుతో పోస్తే లాభం లేదు, పుట్టకి పది లీటర్ల దాకా, బాగా మరిగినవి పొయ్యాలి. అలా పోసినా ఫైర్ యాంట్స్ విషయంలో పదింటిలో ఆరు పుట్టలే పోతాయని టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ళు చెప్తారు, మా దగ్గరా ఇంచుమించు అలాగే ఉంది. రాణి లోతుగా ఉంటే నీళ్ళు అక్కడికి వెళ్ళేసరికి చల్లారిపోతాయి. పైగా పోసిన చోటల్లా గడ్డి మాడిపోయి గుండ్రంగా మచ్చలు. నడవని చోట, గట్టు వారన అయితే పొయ్యండి, లాన్ మధ్యలో వద్దు. ఉప్పు, కిరసనాయిలు అసలే వద్దు, చీమ ఉంటుంది గడ్డి పోతుంది. లక్ష్మణరేఖ చాక్ ఇంట్లో గడప దగ్గరికి సరే గానీ తడి గడ్డిలో గీత ఎక్కడ గీస్తాం.

ఇక బోరిక్. మా ఊరి మెడికల్ షాపులో అడిగితే ఆయన "ఏటమ్మా, ఇంట్లో క్యారమ్స్ ఆడతారా?" అన్నారు, బోర్డు మీద చల్లే పౌడర్ కూడా ఇదే కదా. ఆడేవాళ్ళు తీసుకెళ్ళడమే తప్ప చీమలకని ఎవరూ అడగరట. అయితే క్యారమ్ పౌడర్ పేరుతో వచ్చేవి అన్నీ బోరిక్ కావు, వేరే పిండితో చేసినవీ ఉంటాయి, అందుకే ప్యాకెట్ మీద పేరు చూడమన్నాను. 100 గ్రాములు తీసుకున్నా, వంద రూపాయల లోపే.

అసలు కిటుకు ఏంటంటే, చీమని అక్కడికక్కడ చంపే మందు పుట్టని చంపదు. బయట మనకి కనిపించేవి మొత్తం పుట్టలో కొద్ది భాగమే, మిగతావి లోపల పిల్లల్ని చూసుకుంటూ ఉంటాయి, రాణి ఎప్పుడూ బయటికి రాదు, ఈ జాతిలో ఒక పుట్టకి ఒకటి కంటే ఎక్కువ రాణులు కూడా ఉండొచ్చు. బయటికి వచ్చిన చీమ తాగింది కడుపులో దాచుకుని వెళ్ళి మిగతావాటికి నోటి నుంచి నోటికి అందిస్తుంది, అలా చేతులు మారి మారి రాణి దాకా వెళ్తుంది. అంటే మోసుకెళ్ళే చీమ బతికుండాలి. ఘాటు మందు పెడితే అది దారిలోనే పడిపోతుంది, లేదా వాసన పట్టి మిగతావి అటు రావడం మానేస్తాయి. అందుకే బోరిక్ 1 శాతం మించకూడదు. ఎక్కువ వేస్తే త్వరగా పోతాయనుకుంటాం గానీ ఇక్కడ పూర్తిగా తిరగబడుతుంది, పలచగా ఉంటేనే పని చేస్తుంది.

కొలత రాస్తున్నా. లీటరు గోరువెచ్చటి నీళ్ళకి పంచదార 100 గ్రాములు, బోరిక్ 10 గ్రాములు. ఇంట్లో అంత అక్కర్లేదు, ఒక గ్లాసు అంటే 200 ఎంఎల్ నీళ్ళకి టీ చెంచాతో పంచదార నాలుగు, బోరిక్ అర చెంచా తలకొట్టి. కరిగేదాకా కలపాలి, అడుగున తెల్లగా మిగలకూడదు. దూది ఉండలు అందులో ముంచి పాత ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబ్బా పక్కన కింద వైపు చీమ పట్టేంత చిన్న చిల్లులు పెట్టి, మూత బిగించేసి, చీమలబారు నడిచే దారి పక్కన పెట్టాలి. పుట్ట మీద పెట్టకూడదు, పుట్ట కదిలితే అవి తిండి సంగతి మర్చిపోయి కుట్టడానికి వస్తాయి. మూత ఎందుకంటే తీపి నీళ్ళు కాబట్టి తేనెటీగలు, ఉడతలు లాంటివి వస్తాయి, వాటికి అందకూడదు. డబ్బా మీద ఒక రాయి పెట్టండి, లేకపోతే కాకి ఎత్తుకుపోతుంది. ఎండ చల్లబడ్డాక సాయంత్రం పెట్టండి, మా వైపు ఏప్రిల్ మే నెలల్లో మధ్యాహ్నం చీమ కూడా బయటికి రాదు. రెండు మూడు రోజులకోసారి దూది మార్చాలి, ఎండిపోతే తాగలేవు, పులిస్తే ముట్టవు.

ఇంకో సంగతి, ఎర్రవాటికి ఒక్కోసారి తీపి అక్కర్లేదు. మేం చీటీముక్క మీద మూడు పెట్టి చూశాం, పంచదార నీళ్ళు, వేరుశనగ నూనె, ఎండు నెత్తళ్ళు ఒక ముక్క. గండుచీమలు సూటిగా పంచదారకి వెళ్ళాయి, ఎర్రవి సగానికి సగం నెత్తళ్ళ మీద పడ్డాయి. పుట్టలో పిల్లలు ఎక్కువున్నప్పుడు మాంసకృత్తులు, నూనె కోసం తిరుగుతాయి. ఎదిగిన చీమలు గట్టి తిండి మింగలేవు, ద్రవమే తాగగలవు, గట్టిది లార్వాలకి, అంటే పుట్టలోని పిల్లలకి పెట్టి అవి అరిగించాక తీసుకుంటాయి. బోరిక్ నూనెలో కరగదు కాబట్టి వేయించిన వేరుశనగ పప్పు మెత్తగా నూరి, నూనె దిగేలా, వంద గ్రాముల ముద్దకి ఒక గ్రాము బోరిక్ కలిపి చిన్న చిన్న ఉండలు వేరే డబ్బాలో పెట్టాం. రెండు డబ్బాలు పక్కపక్కన ఉంటే ఏది కావాలంటే అది తీసుకెళ్తాయి. ఈ పరీక్ష చెయ్యకుండా మందు పని చెయ్యలేదనేవాళ్ళు ఎక్కువ.

పెట్టిన మొదటి సాయంత్రం చూస్తే డబ్బా చుట్టూ తాడు పేనినట్టు బారులు, ఇంకా ఎక్కువయ్యాయేంటి అని మా అత్తగారు కంగారు పడిపోయారు, అది మంచి లక్షణమే, కదపకుండా వదిలెయ్యాలి, స్ప్రే గానీ చాక్ గానీ దగ్గరికి తేకూడదు. వారం పది రోజులకి బారులు పలచబడ్డాయి. తర్వాత పుట్టల మీద కొత్త మట్టి రావడం ఆగింది, పాత మట్టి వానకో చీపురుకో సర్దుకుంది. పూర్తిగా శాంతించడానికి నెలన్నర పట్టింది. నెలాఖరున ఒక పుట్టని పారతో నెమ్మదిగా తవ్వి చూశాం, లోపల అరలన్నీ ఉన్నాయి, గడ్డిగింజల పొట్టు ఉంది, చీమలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత, తెల్లటి పిల్లలు అసలు లేవు. స్ప్రేకి దీనికీ తేడా అక్కడే తెలిసింది నాకు.

జాగ్రత్తలు తప్పకుండా. బోరిక్ మందుల షాపులో దొరుకుతుంది కదా అని నిరపాయం అనుకోకండి, కడుపులోకి వెళ్తే విషమే, చిన్నపిల్లలకి మరీ. కలిపిన నీళ్ళు అచ్చం పంచదార నీళ్ళలాగే ఉంటాయి, ఫ్రిజ్‌లో, కూల్‌డ్రింక్ సీసాలో ఎప్పుడూ పెట్టొద్దు. మేం విడిగా సీసా పెట్టి దాని మీద తెలుగులో విషం అని రాసి, పనికి వచ్చే అమ్మాయికి తెలుగు చదవడం రాదు కాబట్టి ఒడియాలో కూడా రాశాం, ఇటువైపు ఉండేవాళ్ళంతా ఇది చెయ్యండి, మాట్లాడ్డానికి రెండు భాషలూ చాలామందికి వస్తాయి గానీ చదవడం దగ్గర తేడా వస్తుంది. ఇంకోటి, మిగిలిన నీళ్ళు లాన్‌లో పారబొయ్యకండి. మొక్కకి బోరిక్‌లో ఉండే బోరాన్ చిటికెడు కావాలి, ఎక్కువైతే ఆకు చివర్లు మాడతాయి, గడ్డికి కూడా అంతే. కలిపింది ఆ వారంలో వాడెయ్యడమే మంచిది.

స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఒకటి వానాకాలం దీంతో పని జరగదు. జూన్ నుంచి అక్టోబర్ దాకా ఇక్కడ వాన ఎప్పుడు పడుతుందో తెలీదు, డబ్బాలోకి నీళ్ళు వెళ్తే కొలత పోయింది, చూరు కింద పెడదామంటే చీమల దారి అక్కడ ఉండదు. అసలు పుట్టలు పైకి లేచేది ఆ నెలల్లోనే, నేల తడిసిపోతే పిల్లల్ని పైకి తెచ్చుకోవడానికి అలా కడతాయి. కాబట్టి వానలు మొదలవకముందే, లేదా దసరా వెళ్ళాక పెట్టుకోవాలి. రెండు, ప్యాకెట్ మీద చీమలకి ఎలా వాడాలో ఒక్క ముక్క ఉండదు, అంతా మనమే తెలుసుకోవాలి, తెలియనివాళ్ళు గుప్పిళ్ళతో చల్లేస్తారు, గడ్డీ పాడు డబ్బూ దండగ. పొరుగువాళ్ళ ఖాళీ స్థలంలో పుట్టలుంటే మళ్ళీ వస్తాయి, దానికి ఏ మందైనా ఒకటే. మా పక్క స్థలంలో ఉన్నాయి, వాళ్ళని అడిగి గోడ అవతల కూడా ఒక డబ్బా పెట్టించాం.

పాతిక ముప్పై పుట్టలున్న పెద్ద లాన్ అయితే, కాలేజీలు, ఫంక్షన్ హాళ్ళు లాంటివి, ఈ దూది డబ్బాలతో కుదరదు, రోజూ చూసే మనిషి కావాలి. ఇంటి ముందు నాలుగైదు సెంట్ల గడ్డికి మాత్రం నేను ధైర్యంగా చెప్తాను.

నల్ల గండుచీమల్ని మేం ముట్టుకోలేదు. మా అత్తగారు రోజూ బియ్యప్పిండితో ముగ్గు వేస్తారు, చీమలు తినాలనే వేస్తారు, చీమల్ని చంపుతున్నామని మొదట చాలా బాధపడ్డారు. ఆవిడ మాటలో నిజం ఉంది, అవి నేలని గుల్ల చేసి గాలి ఆడనిస్తాయి, చచ్చిన పురుగుల్ని ఎత్తుకుపోతాయి, గడ్డికి వాటివల్ల మేలే. పంచదార డబ్బా వాటి దారికి దూరంగా, ఎర్రవాటి బారు దగ్గరే పెట్టింది అందుకే, అవి అటు తిరిగితే ఆ పూట పంచదార డబ్బా తీసేసి పప్పుముద్ద ఒక్కటే ఉంచేదాన్ని. కరివేపాకు మొదట్లో వాటి పుట్ట ఇప్పటికీ ఉంది. ఎర్రవి గోడ వారన ఒక చోట మళ్ళీ కనిపిస్తున్నాయి, చిన్న పుట్టే, ఈ ఆదివారం డబ్బా పెడతాను. ప్యాకెట్‌లో ఇంకా సగం పైనే ఉంది.